జిప్ ఫైలు మొదట్లో రెండక్షరాలు

మొన్న పాత సీడీలు సర్దుతుంటే 1999 నాటి జిప్ ఫైలొకటి కనిపించింది. విజయవాడలో నెట్ సెంటర్ నుంచి తమ్ముడు పంపిన నాన్నగారి ఉత్తరాల స్కాన్లు. ఆ రోజుల్లో మోడెం మీద దింపుకుంటుంటే మధ్యలో లైను తెగిందా, అంతే సంగతులు, మళ్ళీ మొదటికి! నాన్నగారు ఇప్పుడు లేరు. భయపడుతూనే నొక్కాను. తెరుచుకుంది.

ఇన్నేళ్ళ తర్వాత ఎలా తెరుచుకుందంటే, ఫిల్ కాట్జ్ సంగతి చెప్పాలి.

1985లో థామ్ హెండర్సన్ ఆర్క్ అనే ప్రోగ్రాం రాశాడు. బులెటిన్ బోర్డుల్లో ఫైళ్ళు ఎక్కువగా అందులోనే కట్టగట్టి పెట్టేవారు. మిల్వాకీ కుర్రాడు కాట్జ్ అదే పని ఇంకా వేగంగా చేసే పీకేఆర్క్ తెచ్చాడు. తమ కోడ్ కాపీ కొట్టాడని 1988లో హెండర్సన్ కంపెనీ కోర్టుకెక్కింది. కాట్జ్ డబ్బు కట్టి రాజీపడ్డాడు.

1989లో కొత్త పద్ధతితో పీకేజిప్ వచ్చింది. ప్రోగ్రాం అమ్ముకున్నాడు గానీ, ఫైలు లోపలి అమరిక మాత్రం వివరంగా రాసి, ఎవరైనా వాడుకోవచ్చని వదిలేశాడు. అందుకే ఆయన ప్రోగ్రాం లేని నా లాప్‌టాప్‌లోనూ ఆ ఫైలు తెరుచుకుంది. ఇవాళ్టి వర్డ్ డాక్స్ ఫైళ్ళూ, ఆండ్రాయిడ్ ఏపీకేలూ లోపల జిప్‌లే.

కాట్జ్ 2000 ఏప్రిల్ 14న, 37 ఏళ్ళకే, తాగుడు వల్ల ఓ హోటల్ గదిలో ఒంటరిగా పోయాడు.

మామూలు జిప్ ఫైలేదైనా హెక్స్ ఎడిటర్‌లో చూడండి. మొదటి రెండక్షరాలు పీ, కే. ఆయన పేరే. మా నాన్నగారి 'ఆశీర్వదించి వ్రాయునది' కన్నా ముందు ఆ రెండక్షరాలే ఉన్నాయి.