షరతుల మీద చేరిక

కిందటేడు మా పిన్ని కూతురు ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధనకి చేరింది. కోనసీమలో, మామిడికుదురు దగ్గరున్న మా నగరంలో పుట్టి, మా ఇళ్ళల్లో లాబ్‌లో అడుగుపెట్టిన మొదటి పిల్ల. ఆ రాత్రే ఫోన్ చేసింది. "అక్కా, రూల్స్ అన్నీ చెప్పారు. పని మాత్రం ఎవరూ చూపించలేదు" అంది. ఏ యంత్రం ఎవరినడిగి వాడాలి, రసాయనాలు అయిపోతే ఎవరికి చెప్పాలి, పేపరు మీద ఎవరి పేరు ముందుండాలి – ఇవన్నీ సీనియర్ అబ్బాయిలు టీ దగ్గర చెప్పుకుంటారట. ఆ టీకి దీన్నెవరూ పిలవలేదు. ఎనిమిదింటికల్లా హాస్టల్‌కి చేరాలని మాత్రం ముగ్గురు చెప్పారు.

నాకు కమలా భగవత్ గుర్తొచ్చింది. పెళ్ళయ్యాక కమలా సోహోనీ. 1933లో బొంబాయిలో ప్రథమురాలిగా బీయస్సీ పాసై బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి దరఖాస్తు పెట్టింది. తండ్రీ, తండ్రి సోదరుడూ చదువుకున్న చోటే అది. అయినా ఆడపిల్ల అని డైరెక్టర్ సి.వి. రామన్ ఒప్పుకోలేదు. ఆమె వెనక్కి వెళ్ళలేదు, కారణం చెప్పమని నిలదీసింది. చివరికి చేర్చుకున్నారు, షరతుల మీద. ఏడాదిపాటు రెగ్యులర్ విద్యార్థినిగా లెక్కించరు. గైడ్ చెబితే రాత్రి పొద్దుపోయేదాకా పనిచెయ్యాలి. లాబ్ వాతావరణం చెడగొట్టకూడదు.

ఈ మూడో షరతు దగ్గర నేనెప్పుడూ ఆగిపోతాను. వాతావరణం ఎవరిది? ఆమె రావడానికి ముందున్నదే సహజమనీ, ఆమె వల్లే అది చెడుతుందనీ ఎవరు తేల్చారు? ఇక రాత్రి సంగతి. అప్పుడు ఆమె రాత్రి లాబ్‌లో ఉండాలి, ఇప్పుడు మా చెల్లెలు రాత్రి లాబ్‌లో ఉండకూడదు. రెండుసార్లూ గడియారం ఇంకొకరి చేతిలోనే ఉంది.

ఏడాది గడిచింది, రామన్ తృప్తిపడ్డారు, ఆ తర్వాత అమ్మాయిలకి తలుపు తెరుచుకుంది. దీన్ని విజయగాథగా చెబుతుంటారు. నాకలా అనిపించదు. ఏ కుర్రాడి మొదటి ఏడాదీ మగజాతి మొత్తానికి పరీక్ష కాలేదు. ఆ అవమానాన్ని ఆమె దశాబ్దాల తర్వాత కూడా సభల్లో చెప్పుకుంది.

అక్కడ ఆమెకు గైడ్ శ్రీనివాసయ్య. కఠినుడేగానీ విద్య దాచుకోలేదు. పాలల్లో, పప్పుల్లో ఉన్న ప్రొటీన్ల మీద ఆమె పనిచేసింది. తర్వాత కేంబ్రిడ్జి. అక్కడ డెరెక్ రిక్టర్ అనే శాస్త్రవేత్త తన లాబ్‌లో ఒక బల్ల చూపించాడు. పగలు ఆమె దాని మీద ప్రయోగాలు చేసుకునేది, రాత్రి ఆయన దాని మీదే పడుకునేవాడు! లాబ్‌లో చేర్చుకోవడమంటే నాకు ఆ బల్లే. 1939లో డాక్టరేట్ వచ్చింది. థీసిస్ నలభై పేజీలే. (మా సాహిత్యం వాళ్ళం నాలుగొందలు రాస్తాం.) తర్వాత బొంబాయిలో నీరాలోని పోషకాల మీద చేసిన పనికి రాష్ట్రపతి పురస్కారం అందింది. మా తాటిచెట్ల నీరా కథలో ఇలాంటి మనిషి ఉందని మాకెవరూ చెప్పలేదు.

నా పరిశోధన మొదటివారంలో, పెద్దాయన ఒకరు నా అంశం అడక్కుండా పెళ్ళెప్పుడని అడిగారు. కాగితం మీద లేదు గానీ, అదీ షరతే. నేను నవ్వి ఊరుకున్నాను. ఇప్పటికీ ఆ నవ్వంటే నాకు కోపం.

చెల్లెలు అలా ఊరుకోలేదు. అడిగి, విసిగించి, నాలుగు నెలల్లో పని నేర్చుకుంది. మొన్న వాళ్ళ లాబ్‌లో ఇద్దరు కొత్తగా చేరారు, ఒకబ్బాయి, ఒకమ్మాయి. ఫ్రీజర్ తాళంచెవి ఎక్కడుంటుందో ఇద్దరికీ తనే చూపించిందట. సాయంత్రం టీకీ తనే తీసుకెళ్ళింది.