రాగి ధరకు తెగనమ్మిన రైల్వే

1974 జూన్ నడిమధ్య అమెరికాలోని మోంటానా కొండల్లో ఒక రైల్వే తన తీగలకు కరెంటు ఆపేసింది. హార్లోటన్ అనే చిన్న ఊళ్లో మొదలై, రాకీ పర్వతాలనూ బిటర్‌రూట్ కొండలనూ దాటి, ఐడహోలోని ఏవరీ దాకా సాగే 700 కిలోమీటర్ల లైను అది. 1915 నుంచి ఆ తీగల కిందే బండ్లు నడిచాయి. కరెంటు ఆపిన నాటికి అరబ్ దేశాలు చమురు బిగించి ఎనిమిది నెలలు. డీజిల్ ధర మండిపోతోంది. సరిగ్గా అప్పుడే, చుక్క చమురు లేకుండా కొండలెక్కగలిగే దారిని చేజేతులా డీజిల్ పాలు చేశారు. తీగలు విప్పి, చుట్టలు చుట్టి, రాగిని తూకానికి అమ్మేశారు.

ఆ రైల్వే పూర్తి పేరు చికాగో, మిల్వాకీ, సెయింట్ పాల్ అండ్ పసిఫిక్. లోకానికి అది మిల్వాకీ రోడ్. అందులో పనిచేసినవాళ్లకు ఒట్టి మిల్వాకీ. ఎక్కడో అమెరికా కథ మనకెందుకు అనుకోనక్కర్లేదు. ఆవిరి ఇంజన్లు పోయాక వెలవెలబోయిన బిట్రగుంటను చూసినవాళ్లకు ఈ కథలోని ఊళ్లు కొత్తగా అనిపించవు.

ఈ రైల్వే పసిఫిక్ తీరానికి ఆలస్యంగా బయల్దేరింది. 1905లో డైరెక్టర్లు పడమటికి లైను వేయాలని తీర్మానించే నాటికే వాయవ్య రాష్ట్రాల్లో రెండు పెద్ద రైల్వేలు స్థిరపడి ఉన్నాయి. ఆ రెండింటి వెనకా రైల్వేల అధిపతి జేమ్స్ హిల్ ఉన్నాడు. వాటిలో ఒకదానికి ప్రభుత్వం దారి పొడవునా భూములు ధారపోసింది. మిల్వాకీకి అలాంటిదేమీ దక్కలేదు, అడుగడుగూ కొనుక్కుంది. అయిదు పర్వత శ్రేణులు దాటుతూ దాదాపు 2,300 కిలోమీటర్ల దారిని మూడేళ్లలో పూర్తి చేసి, 1909 మే నెలలో మోంటానాలో చివరి మేకు కొట్టారు. ఖర్చు మాత్రం వేసిన అంచనాకు కొన్ని రెట్లయింది. ఆ అప్పు రైల్వే మెడకు పట్టుకుని జీవితాంతం వదల్లేదు. 1925లో ఒకసారి, 1935లో మరోసారి దివాలా తీయించింది.

మరుసటి ఏడే, 1910 ఆగస్టులో, ఐడహో, మోంటానా అడవులు అంటుకున్నాయి. రెండు రోజుల్లో లక్షల ఎకరాలు బూడిదయ్యాయి. బిటర్‌రూట్ కొండల్లోని పనివాళ్లూ వాళ్ల పెళ్లాం పిల్లలూ మంటల మధ్య చిక్కుకుంటే, మిల్వాకీ డ్రైవర్లు ఇంజన్లకు దొరికిన పెట్టెలు తగిలించుకుని, కాలుతున్న కొయ్య వంతెనల మీదుగా బండ్లు నడిపి, జనాన్ని సొరంగాల్లోకి చేర్చారు. కొత్తగా తొలిచిన ఆ రాతి గుహల్లో పొగకు ఉక్కిరిబిక్కిరవుతూ వందల మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఈ మనుషులకు ఈ రైల్వే మీద అంత ప్రేమేమిటని అడిగేవాళ్లకు నేను ముందుగా ఈ సంగతే చెబుతాను. అక్కడి కుటుంబాల్లో రైల్వే అంటే జీతం ఒక్కటే కాదు, తాతను మంటల్లోంచి బయటికి తెచ్చిన బండి.

ఆ తరువాత వచ్చింది కరెంటు. మూడు వేల వోల్టుల డైరెక్ట్ కరెంటు. చలికాలంలో ఆవిరి ఇంజన్లు గడ్డకట్టి మొరాయించే కనుమల్లో కొత్త ఇంజన్లు నిశ్శబ్దంగా ఎక్కిపోయేవి. దిగేటప్పుడు ఇంకా అందం. బ్యూట్ దగ్గర పైప్‌స్టోన్ కనుమ దాటి బరువైన గూడ్స్ బండి కిందికి జారుతుంటే, దాని మోటార్లే డైనమోలుగా మారి తీగలోకి కరెంటు పంపేవి. ఎదురుగా కొండెక్కుతున్న బండి ఆ కరెంటు వాడుకునేది. బ్రేకులు కాలి ఎర్రబడే పని లేదు, బండిని పట్టి ఉంచేది ఆ మోటార్లే. ఇవాళ మన దగ్గర కూడా కొత్త తరం ఇంజన్ల గొప్పగా చెప్పుకునే విద్య అది. వాళ్లు మొదటి ప్రపంచ యుద్ధం నాటికే దాన్ని రోజువారీ పనిగా చేసేశారు. 1920 నాటికి ఒథెల్లో నుంచి కాస్కేడ్ కొండల మీదుగా టకోమా దాకా మరో 330 కిలోమీటర్లకు పైగా తీగలు వేశారు. ఈ రెండు విద్యుత్ లైన్ల మధ్య, ఏవరీకీ ఒథెల్లోకీ నడుమ, 300 కిలోమీటర్లకు పైగా ఖాళీ ఉండిపోయింది. ఆ ఖాళీ ఎన్నటికీ పూడలేదు.

సిబ్బంది ఈ రైల్వేను ఎలా చూసుకున్నారో తెలియాలంటే లిటిల్ జో ఇంజన్ల కథ వినాలి. రెండో ప్రపంచ యుద్ధం అయిపోగానే సోవియట్ యూనియన్ కోసం జనరల్ ఎలక్ట్రిక్ 20 భారీ విద్యుత్ ఇంజన్లు కట్టింది. ఇంతలో ప్రచ్ఛన్న యుద్ధం ముదిరి ఎగుమతి ఆగిపోయింది. స్టాలిన్ పేరు మీద వాటికి లిటిల్ జో అని పేరు పడింది. అనాథల్లా పడి ఉన్న వాటిలో 12 ఇంజన్లను మిల్వాకీ 1950లో మొత్తం కలిపి సుమారు పది లక్షల డాలర్లకు కొనుక్కుంది. మిల్వాకీ విద్యుత్ విభాగాన్ని నడిపిన లారెన్స్ వైలీ వాటికి ఒక పరికరం తయారు చేశాడు. జో వెనక డీజిల్ ఇంజన్లను తగిలించి, జో క్యాబిన్‌లో కూర్చున్న ఒక్క డ్రైవరే రెండు రకాల ఇంజన్లనూ కలిపి నడిపే ఏర్పాటు అది. సిబ్బంది దానికి వైలీ థ్రాటిల్ అని పేరు పెట్టుకున్నారు. కొత్త ఇంజన్లు కొనే డబ్బు కంపెనీ దగ్గర లేదు. ఉన్నవాటితోనే నెట్టుకురాగల తెలివి షెడ్డులో ఉంది.

తూర్పు వైపు మరో వైభవం. 1935 మే 29న చికాగో నుంచి మిసిసిపీ ఒడ్డున మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల దాకా హయవాతా రైలు మొదలైంది. ఆవిరి ఇంజనే గంటకు 160 కిలోమీటర్లు దాటించేది. నారింజ, మెరూన్ రంగుల పెట్టెలన్నీ మిల్వాకీ నగరంలోని సొంత వర్క్‌షాపుల్లో, సొంత కార్మికుల చేతుల మీదే తయారయ్యాయి. కంపెనీ నడిపిన ఉద్యోగుల పత్రికకు ఒక్కో డివిజను నుంచి ఒక్కో ఉద్యోగి కబుర్లు రాసి పంపేవారు. ఫలానా డ్రైవరు కూతురి పెళ్లి, ఫలానా టెలిగ్రాఫరు రిటైర్మెంటు. ఏవరీ స్టేషను పక్కన ట్రౌట్ చేపల కొలను ఒకటి ఉండేది. ఇంజను మార్చే సమయంలో ప్రయాణికులు దిగి చేపలకు మేత వేసేవారు.

ఇంత ప్రేమ కింది మెట్ల మీద ఉంటే, పై అంతస్తులో ఉన్నదేమిటి? ఇక్కడే నాకు కడుపు మండుతుంది. 1960ల నుంచి యాజమాన్యం ధ్యాసంతా ఏదో ఒక పెద్ద రైల్వేలో కలిసిపోవడం మీదే. కలవబోయే ఇంటికి మరమ్మతులెందుకు అనుకున్నారు. స్లీపర్లు మార్చలేదు, కంకర వేయలేదు. సొంత వ్యాగన్లు అమ్మేసి వాటినే అద్దెకు తెచ్చుకున్నారు. కాగితం మీద లాభాలు కనిపించాయి, కింద పట్టాలు కుళ్లాయి. 1960లలో ఎక్స్‌ఎల్ స్పెషల్, థండర్‌హాక్ అనే గూడ్స్ బండ్లు దూసుకుపోయిన లైను మీదే పదేళ్లు తిరిగేసరికి బండ్లు పాకడం మొదలైంది.

1970 మార్చిలో మిల్వాకీకి ఆజన్మ పోటీదారులైన ఆ రెండు రైల్వేలూ కలిసి బర్లింగ్టన్ నార్దర్న్ అయ్యాయి. ఆ విలీనానికి షరతుగా మిల్వాకీకి 11 కొత్త కూడళ్లలో సరుకు మార్చుకునే హక్కు, పోర్ట్‌లాండ్ దాకా పోయే దారి దొరికాయి. సరుకు ఒక్కసారిగా పెరిగింది. సియాటిల్ రేవులో దిగిన కంటైనర్లలో పెద్ద వాటా మిల్వాకీ పట్టాలెక్కింది. చేతికి అందివచ్చిన వ్యాపారమది. మోయడానికి పట్టాలే సత్తువ చాలక చతికిలబడ్డాయి.

ఆ దశలో జనరల్ ఎలక్ట్రిక్ ఒక ప్రతిపాదనతో వచ్చింది. తీగలను ఆధునికీకరిద్దాం, నడిమి ఖాళీ కూడా పూడుద్దాం, ఇంజన్లు ఇస్తాం అన్నది. యాజమాన్యం కాదంది. రాగి అమ్మితే కోటి డాలర్లు వస్తాయని లెక్క వేసుకుంది. తీరా అమ్మేనాటికి రాగి ధర పడిపోయి అందులో సగమే చేతికొచ్చింది. జోల స్థానంలో డీజిల్ ఇంజన్లకు పెట్టిన ఖర్చు, వద్దన్న ఆ ఆధునికీకరణకు అయ్యే ఖర్చుతో దాదాపు సమానం.

1977 డిసెంబరులో మూడో దివాలా. కోర్టు నియమించిన ట్రస్టీలు లెక్కలు చూసి పడమటి లైను మొత్తం వదిలేద్దామన్నారు. అప్పుడు లేచారు పనివాళ్లు. డ్రైవర్లు, కండక్టర్లు, సెక్షన్ గ్యాంగులు, వాళ్లతోపాటు ఆ లైను మీద ధాన్యం, కలప పంపే వ్యాపారులు కలిసి, మన రైల్వే కొలువులను కాపాడుకుందామనే పేరుతో సంఘం కట్టారు. లైను మాకివ్వండి, మేమే కొని నడుపుతాం అన్నారు. కొత్త కంపెనీకి న్యూ మిల్వాకీ లైన్స్ అని పేరు కూడా పెట్టుకున్నారు. దివాలా తీసిన యజమాని వద్దన్న ఆస్తిని కూలీలు నెత్తిన పెట్టుకుంటామన్నారు. ఏ మలుపులో స్లీపరు చెడిందో, ఏ కనుమలో ఎంత బరువు లాగవచ్చో తెలిసిన చేతులవి. 1979 నవంబరులో అమెరికా కాంగ్రెస్ ప్రత్యేక చట్టం చేసి, ఆ ప్రణాళికను పరిశీలించమంది. గడువు వారాల్లోనే. డిసెంబరు ఆఖరున అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్ అది ఆర్థికంగా నిలబడదని కొట్టేసింది.

1980 మార్చిలో పడమటి లైను మూతపడింది. పసిఫిక్ తీరం నుంచి ఆఖరి బండ్లు తూర్పుకు వెళ్లిపోయాయి. వాటి వెనకే పట్టాలు పీకే గ్యాంగులు వచ్చాయి. పడమటి లైను ఖర్చులు పద్దుల్లో రెండుసార్లు పడ్డాయని, నష్టమని చూపింది నిజానికి లాభమేనని ఆ తరువాత కొందరు వాదించారు. ఆ వాదన అభిమానుల మధ్య నేటికీ తెగలేదు. తెగినవి మాత్రం ఇవి: మూసిన ఏడు నెలలకే, 1980 అక్టోబరులో, రైల్వేలను ధరల నియంత్రణ నుంచి విడిపించే చట్టం వచ్చింది. ఆసియా కంటైనర్ల వ్యాపారం మరింత పెరిగింది. 1996కల్లా బర్లింగ్టన్ వారసులు కాస్కేడ్ కొండల్లో తాము మూసిన స్టాంపీడ్ కనుమ దారిని తిరిగి తెరవాల్సి వచ్చింది, ఉన్న లైన్లు చాలక. మిల్వాకీ దారి అప్పటికే సైకిళ్లు తొక్కే బాటగా మారుతోంది.

మిగిలిన తూర్పు భాగానికి 1985లో వేలం. చికాగో అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే ఎక్కువ డబ్బు ఇస్తానన్నా, జడ్జి సూ లైన్ అనే మరో రైల్వేకు అప్పగించారు. సూ లైన్ దగ్గర కొత్త రంగులు వేయడానికి తీరిక లేదు. నారింజ రంగు ఇంజన్ల పక్కన మిల్వాకీ పేరు ఉన్న చోట మాత్రం నల్ల రంగు పూసి పంపేశారు. ముఖానికి గుడ్డ కట్టుకున్నట్టున్న ఆ ఇంజన్లను అభిమానులు బందిపోట్లు అని పిలిచారు. కొన్నేళ్ల ఎండావానలకు నల్ల రంగు పలచబడి, కింది అక్షరాలు పైకి తేలేవి. కెమెరాలు పట్టుకుని వాటి కోసం లైను పక్కన కాచుకున్నవాళ్లు ఎందరో. సూ లైన్ కూడా ఎన్నాళ్లో నిలవలేదు. 1990కల్లా కెనడియన్ పసిఫిక్ దాన్ని పూర్తిగా తనలో కలుపుకుంది. మిల్వాకీ వర్క్‌షాపులు నేలమట్టమయ్యాయి, రెండు పొగగొట్టాలు మాత్రం ఉంచారు.

కంపెనీ పోయింది గానీ మనుషులు చెదరలేదు. 1987లో అభిమానులు, మాజీ ఉద్యోగులు కలిసి మిల్వాకీ రోడ్ చారిత్రక సంఘం పెట్టుకున్నారు. కంపెనీ పత్రాలు మిల్వాకీ ప్రజా గ్రంథాలయంలో భద్రమయ్యాయి. డీర్ లాడ్జ్‌లో ఒక లిటిల్ జో, హార్లోటన్‌లో పెట్టె ఆకారపు పాత విద్యుత్ ఇంజను ఒకటి నిలబెట్టి ఉన్నాయి. చికాగో లోకల్ రైళ్లలో రెండు లైన్లకు నేటికీ మిల్వాకీ పేరే. 1944లో కట్టిన 261 నంబరు ఆవిరి ఇంజనును మినియాపొలిస్‌లో ఒక బృందం 1990లలో బాగుచేసి మళ్లీ పట్టాలెక్కించింది. పని చేసేవాళ్లలో చాలామందికి జీతం లేదు. దాని వెనక తగిలించిన పెట్టెల్లో సీడార్ రాపిడ్స్ ఒకటి. అద్దాల పైకప్పుతో, నారింజ, మెరూన్ రంగులతో, 1948లో మిల్వాకీ కార్మికులు తమ షాపుల్లో కట్టిన పెట్టె అది. టికెట్టు కొన్నవాళ్లను అందులో కూర్చోబెట్టి ఆ బృందం విహారయాత్రలు నడిపింది. వచ్చిన డబ్బు బాయిలరు మరమ్మతుకు పోయేది.