కార్డు మీద పేరు

అమ్మ ట్రంకుపెట్టె అడుగున పాత తెల్లకార్డు దొరికింది. మడతల దగ్గర చిరిగిపోయింది. కుటుంబ యజమాని దగ్గర నాన్న పేరు. రెండో వరసలో అమ్మ, ‘భార్య’. ఆ కార్డు పట్టుకుని నాన్న రేషను డిపోకి వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో బొంబాయి, మద్రాసు లాంటి నగరాలకొచ్చింది రేషను. తెలుగువాళ్ళకి గుర్తున్న సంవత్సరం మాత్రం 1983. ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకే బియ్యం ఇవ్వడం మొదలుపెట్టిన ఏడాది అది. దాని గురించి ఓట్ల లెక్కలు, సబ్సిడీ భారాలు నేనూ చాలానే చదివాను. డిపో తెరిచిన రోజున ఆ డబ్బు ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న వాటిలో నాకు పెద్దగా కనబడలేదు.

1996లో ధర మూడున్నర అయింది. నాకప్పుడు ఏడేళ్ళు. ఇరవై కిలోలకి డెబ్బై రూపాయలు, అదీ ఒక్కసారే కావాలి. మా డీలరు విడతలుగా ఇచ్చేవాడు కాదు. బియ్యం ఎప్పుడొస్తాయో ముందు తెలియదు. లారీ వచ్చిందని వినగానే సంచీ వరసలో పెట్టి, దాని మీద రాయి పెట్టి, అమ్మ డబ్బు కోసం పరిగెత్తేది. జాకెట్లు కుట్టించుకున్నవాళ్ళ ఇళ్ళకెళ్ళి బాకీలు అడిగేది. చాలకపోతే పక్కింటి పిన్ని దగ్గర బదులు. ఆ పిన్నికే డబ్బు లేని నెలలో ఆమె కార్డు మీద ఇంకెవరో బియ్యం తీసుకుని సగం ఆమెకిచ్చేవారు. ఇంటికొచ్చాక రాళ్ళు, పురుగులు ఏరడం, చెరగడం, వాసన పోయేదాకా కడగడం. మరీ ముతకవి దోసెల పిండికి. ఈ పనిని ఏ సబ్సిడీ పద్దులో రాస్తాం?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మీదికి వెళ్ళడాన్ని మద్యం కథగానే చెప్పుకుంటాం. నాకది బియ్యం కథ కూడా. కూలి డబ్బు సారాకి పోయాక రేషను బియ్యమైనా కొనేదెలా? 1993లో సారా ఆగింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. మరుసటేడు బియ్యం ధర పెరిగింది, 1997లో నిషేధం పోయింది. ఆ రెండూ వేర్వేరు వార్తలుగా వచ్చాయి. ఇంట్లో చిల్లు పడింది మాత్రం ఒకే డబ్బాకి. మా నాన్న తాగేవాడా అని ఒకసారి అడిగితే, “ఇప్పుడదెందుకే” అంది అమ్మ.

2013 ఆహారభద్రత చట్టం ఇంట్లో పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీలలో పెద్దామెనే రేషను కార్డుకి యజమానిగా గుర్తించమంది. ఇప్పటి కార్డులో మొదటి పేరు అమ్మదే. 2023 నుంచి బియ్యం ఉచితం. డెబ్బై రూపాయల పరుగు లేదు. అయితే వేలిముద్ర వేయాలి. మొన్న నేనూ తోడు వెళ్ళాను. ఏళ్ళ తరబడి సూది పట్టిన వేళ్ళు, గీతలు అరిగిపోయాయి. మెషీను రెండుసార్లు కాదంది. డీలరు చెయ్యి తుడుచుకోమన్నాడు. అమ్మ కొంగుతో తుడుచుకుని, ఇంకో వేలు పెట్టింది.