స్టువర్టుపురము: నేరమునకు జాతిసంజ్ఞ

నేరము చేఁతను బట్టి కలుగును గాని పుట్టుకను బట్టి కలుగదు. ఆంగ్లేయపరిపాలనమున నీ న్యాయము తలక్రిందైన తీరును స్టువర్టుపుర చరిత్రము తెలుపుచున్నది.

1836వ సంవత్సరపు 30వ చట్టము ఠగ్గుల ముఠాలోఁ జేరియుండుటయే నేరమని విధించి, దానికి యావజ్జీవ కఠినకారాగారమును శిక్షగా నేర్పఱచెను. ‘ఠగు’ శబ్దము, కప్పుట యను నర్థముగల ‘స్థగ్’ ధాతువునకుఁ జేరినది, మోసగానిని దెలుపును. చట్టము మాత్రమా పదమును నిర్వచింపలేదు. నిర్వచనము లేని సంజ్ఞ యెవరిపైనైనను బడవచ్చును. 1871వ సంవత్సరపు నేరస్థజాతుల చట్ట మట్టి సంజ్ఞను జాతులకే తగిలించెను. 1911వ సంవత్సరపు చట్టముతో నది చెన్నపురి రాజధానికిని వ్యాపించెను.

తెలుఁగునాట నెఱుకలవారు పూర్వము ఎడ్లపైనను గాడిదలపైనను ఉప్పును ధాన్యమును మోసి, ఊరూర నమ్ముకొని జీవించెడివారు. ఉప్పుపన్నును రైలుబండియు నా వర్తకమును హరించెను. బ్రదుకుదెరువు దప్పినవారిని సర్కారు నేరస్థజాతి యనెను. బాపట్ల చేరువ వారికై యేర్పడిన సెటిల్మెంటునకుఁ జెన్నపురి గవర్నరు కార్యనిర్వాహకసభ సభ్యుఁడగు హెరాల్డు స్టువర్టు పేరు పెట్టిరి. సాల్వేషన్ ఆర్మీ దానిని నడపెను. చట్టము క్రింద నమోదైనవారు హాజరు పలుకవలయును. అనుమతి లేక యెల్ల దాఁటరాదు. దొంగిలించినవానికిని, దొంగిలింపనివానికిని నిబంధన మొక్కటియే.

చెన్నపురి రాజధానిలో 1947వ సంవత్సరమునను, దేశమంతటను 1952 ఆగస్టు 31వ తేదీనను ఆ చట్టము రద్దయ్యెను. పేరు మాత్రము పోలేదు. 1991వ సంవత్సరమున నొక సినిమాకు సయితము ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’ అని పేరు పెట్టిరి. చట్టమును శాసనసభ కొట్టివేయఁగలదు. రూఢిని మాత్రము పలుకువారే విడువవలయును.