మంగళవారపు డబ్బు: బిడ్డ ఖర్చు ఎవరిది?

1946 ఆగస్టు 6, మంగళవారం. ఆ రోజు బ్రిటన్‌లోని తల్లులు ప్రభుత్వం పంపిన ఒక చిన్న పుస్తకం పట్టుకొని పోస్టాఫీసులకు వెళ్లారు. రెండవ బిడ్డ మొదలుకొని బిడ్డకు వారానికి 5 షిల్లింగుల చొప్పున అక్కడి గుమాస్తా వారి చేతికిచ్చాడు. ఇల్లు ఎంత పేదదని అడగలేదు. భర్త సంపాదన ఎంతని అడగలేదు.

నేను ఈ దేశానికి వచ్చిన తొలి సంవత్సరాలలో, ఉత్తర ఇంగ్లండులో పనిచేస్తున్నప్పుడు, ఎనభై దాటిన ఒక రోగి నాకు ఈ డబ్బు గురించి చెప్పింది. అప్పటికామె ముగ్గురు పిల్లల తల్లి. వారానికి 10 షిల్లింగులు వచ్చేవి. “మా ఆయన జీతమెంతో నాకు ఏనాడూ తెలియదు డాక్టర్, ఆ మంగళవారపు డబ్బు మాత్రం నాది” అన్నది. గుండె మందుల గురించి మాట్లాడవలసిన సమయంలో సగం ఆ కబుర్లకే పోయింది. ఆ 10 షిల్లింగులు ఆమె చేతికి చేరడానికి ముందు ఎంత వాదన నడిచిందో నాకప్పుడు తెలియదు.

నారు పోసినవాడు నీరు పోయడా అని మనవాళ్లు ఈ భారాన్ని దేవుడి మీద వేశారు. ఇంగ్లండులో ఇదే ప్రశ్న న్యాయాధికారుల ముందుకు, పార్లమెంటు ముందుకు, కార్మిక సంఘాల ముందుకు వచ్చింది. బిడ్డను కన్నవారే పెంచాలా, రాజ్యం కూడా ఖర్చులో పాలుపంచుకోవాలా? ఈ వ్యాసంలో ఆ వాదన చరిత్రను చెప్పి, చివరలో మన తెలుగు నేలతో దానికున్న పోలికను చూపడానికి ప్రయత్నిస్తాను.

రొట్టె ధర, బిడ్డల లెక్క

1795లో రొట్టె ధర విపరీతంగా పెరిగినప్పుడు బెర్క్‌షైర్ న్యాయాధికారులు స్పీనమ్‌ల్యాండ్‌లో సమావేశమై ఒక పట్టిక తయారు చేశారు. రొట్టె ధరను, ఇంట్లోని పిల్లల సంఖ్యను బట్టి కూలివాడి కూలికి స్థానిక నిధి నుంచి కొంత కలపాలన్నది అందులోని ఏర్పాటు. మూడేళ్ల తరువాత, 1798లో, మాల్థస్ తన జనాభా సిద్ధాంతాన్ని ప్రకటించాడు. పోషించే శక్తి లేకపోయినా పిల్లలను కనడానికి ఇటువంటి సహాయమే పేదలను ప్రోత్సహిస్తుందని ఆయన వాదం. ఆ వాదమే గెలిచింది. 1834 నాటి కొత్త పేదల చట్టం ఒంట్లో శక్తి ఉన్నవాడికి ఇంటి దగ్గర సహాయం ఇవ్వడాన్ని తప్పుపట్టింది. సహాయం కావాలంటే కుటుంబమంతా అనాథాశ్రమం వంటి పనిశాలలో చేరాలి. అక్కడ భర్తను, భార్యను, పిల్లలను వేరువేరుగా ఉంచేవారు. బిడ్డ ఆకలి తండ్రి దోషమైతే ఆ దోషానికి శిక్ష బిడ్డకు కూడా పడింది.

ఈ ఆలోచనను మొదట కదిలించినవి లెక్కలు. సీబోమ్ రౌన్‌ట్రీ యార్క్ పట్టణంలో ఇంటింటికీ తిరిగి చేయించిన సర్వే 1901లో పుస్తకంగా వెలువడింది. కూలివాడి జీవితంలో పేదరికం మూడుసార్లు వస్తుందని ఆయన చూపాడు: తాను పసివాడుగా ఉన్నప్పుడు, తన పిల్లలు పసివాళ్లుగా ఉన్నప్పుడు, ముసలితనంలో. అంటే పేదరికానికి సోమరితనం ఒక్కటే కారణం కాదు. అదే మనిషి, అదే పని, అదే కూలి. ఇంట్లో తినే నోళ్ల సంఖ్య మాత్రమే మారుతోంది.

తరువాతి అడుగు సైన్యం వేయించింది. బోయర్ యుద్ధానికి వచ్చిన యువకులలో ఎందరో శారీరకంగా పనికిరారని తేలడంతో ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేసింది. 1904లో దాని నివేదిక వచ్చింది. 1906లో బడిపిల్లలకు భోజనం పెట్టడానికి స్థానిక సంస్థలకు అధికారమిచ్చే చట్టం, 1907లో బడిలో వైద్యపరీక్షల చట్టం వచ్చాయి. బడి అన్నం పెడితే తల్లిదండ్రులు బాధ్యత మరిచిపోతారని అప్పుడూ అభ్యంతరాలు వచ్చాయి. వాటికి సమాధానం బ్రాడ్‌ఫర్డ్ బడుల వైద్యాధికారి రాల్ఫ్ క్రౌలీ తూకం యంత్రంతో చెప్పాడు. 1907లో బడిలో భోజనం పెట్టిన పిల్లలను క్రమంగా తూచి నమోదు చేశాడు. భోజనం ఉన్న వారాల్లో బరువు పెరిగింది, సెలవుల్లో తగ్గింది. వైద్యుడిగా నాకు ఈ చరిత్రలో అన్నింటికంటే నచ్చిన సాక్ష్యం ఇదే. తల్లిదండ్రుల బాధ్యత గురించి పెద్దలు ఏమనుకున్నా, సెలవుల్లో బిడ్డ బరువు తగ్గుతోంది.

1909లో లాయిడ్ జార్జ్ బడ్జెట్ మరొక తలుపు తెరిచింది. ఏడాదికి 500 పౌండ్లలోపు ఆదాయం ఉండి ఆదాయపు పన్ను కట్టేవారికి, 16 ఏళ్లలోపు బిడ్డ ఒక్కొక్కరికి 10 పౌండ్ల ఆదాయం మీద పన్ను మినహాయించారు. ఆనాడు కూలివాడు ఆదాయపు పన్ను కట్టే స్థాయిలో లేడు. కనుక బిడ్డ ఖర్చులో రాజ్యం వాటా మొదట అందినది గుమాస్తాలకు, ఉపాధ్యాయులకు, చిన్న వైద్యులకు. దీనివల్ల వారి బాధ్యత సడలిపోతుందని ఎవరూ బెంగపడినట్టు కనిపించదు.

లేని భార్యలు, లేని పిల్లలు

ఎలినార్ రాత్‌బోన్ 1872లో లివర్‌పూల్‌కు చెందిన సంపన్న వర్తక కుటుంబంలో పుట్టింది. 1909లో ఆ నగరపాలక సంస్థకు ఎన్నికైన మొదటి మహిళ ఆమె. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల భార్యలకు ప్రభుత్వం భత్యం ఇచ్చింది. పిల్లల సంఖ్యను బట్టి అది పెరిగేది. లివర్‌పూల్‌లో ఆ పంపిణీ పనిని ఆమె దగ్గరుండి చూసింది. భర్త యుద్ధభూమిలో ఉండగా తల్లి చేతికి నేరుగా, బిడ్డల లెక్కన, క్రమం తప్పకుండా డబ్బు వస్తే ఇల్లు ఎలా మారుతుందో ఆమెకు అక్కడ అర్థమైంది. యుద్ధంలో చేయగలిగినది శాంతికాలంలో ఎందుకు చేయకూడదన్నది ఆమె ప్రశ్న.

1924లో వెలువడిన ‘ది డిస్‌ఇన్‌హెరిటెడ్ ఫ్యామిలీ’ అన్న గ్రంథంలో ఆమె కూలి వ్యవస్థనే విచారణకు పెట్టింది. భార్య, ముగ్గురు పిల్లలు ఉన్న కుటుంబానికి చాలినంత కూలి ప్రతి మగవాడికీ ఇవ్వాలని సంస్కర్తలు కోరుతున్న కాలమది. అలా ఇస్తే బ్రహ్మచారులకు, పిల్లలు లేనివారికి కూడా ఆ కూలే వస్తుంది. అంటే ఇంగ్లండులో లేని 30 లక్షల మంది భార్యలకు, లేని 1 కోటి 60 లక్షల మంది పిల్లలకు ఖర్చు కేటాయించినట్టు అవుతుందని ఆమె లెక్క. మరోవైపు అయిదారుగురు పిల్లలున్న ఇంట్లో ఆ కూలి చాలదు. పైగా కుటుంబాన్ని పోషించేది మగవాడే అన్న సాకుతో అదే పని చేసే స్త్రీకి తక్కువ కూలి ఇస్తున్నారు. పిల్లల ఖర్చును కూలి నుంచి విడదీసి తల్లి చేతికి వేరుగా ఇస్తే, సమాన పనికి సమాన వేతనం కూడా సాధ్యమవుతుందని ఆమె వాదించింది.

వ్యతిరేకులు సామాన్యులు కారు. స్త్రీల ఓటుహక్కు కోసం జీవితమంతా పోరాడిన మిలిసెంట్ ఫాసెట్ కూడా వారిలో ఉంది. తల్లిదండ్రుల బాధ్యతను రాజ్యం తీసుకోకూడదన్నది ఆమె అభిప్రాయం. కార్మిక సంఘాల భయం వేరు. భత్యం వస్తే యజమానులు దాన్ని చూపి కూలి తగ్గిస్తారని, సంఘాల బేరసారాల శక్తి పోతుందని వారి అనుమానం. అది వట్టి అనుమానమని కొట్టివేయలేము. ఆ రోజుల్లో ఫ్రాన్సులో యజమానులే నిధులు ఏర్పరచుకొని పిల్లలున్న కార్మికులకు భత్యం ఇస్తున్నారు. 1932లో అక్కడ చట్టం దాన్ని నిర్బంధం చేసింది. యజమాని చేతిలో ఉన్న భత్యం కార్మికుడిని కట్టిపడేసే తాడు కూడా కాగలదు. 1930లో బ్రిటిష్ కార్మిక సంఘాల మహాసభ నగదు భత్యాన్ని కాదని, తల్లీబిడ్డల వైద్యసేవల వంటి వాటికే మొగ్గు చూపింది. ఆ మనసు మారడానికి 1942 దాకా పట్టింది.

రాత్‌బోన్‌ను దేవతగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ఆమె మన దేశపు బాల్యవివాహాల గురించి కూడా ఉద్యమించింది. 1929లో లండన్‌లో ఆమె ఏర్పాటు చేసిన సభలో ధన్వంతి రామారావు లేచి, భారతీయ స్త్రీల సమస్యల గురించి మాట్లాడవలసింది భారతీయ స్త్రీలేనని ఎదురు నిలిచింది. లివర్‌పూల్ తల్లి చేతికే డబ్బివ్వాలని, ఆమెకే తన ఇల్లు తెలుసునని నమ్మిన మనిషి, భారతీయ స్త్రీ విషయంలో ఆ నమ్మకాన్ని అదే మోతాదులో చూపలేదు.

ఎవరి చేతికి?

రాత్‌బోన్ పుస్తకం చదివి మనసు మార్చుకున్నవారిలో విలియం బెవరిడ్జ్ ఒకడు. ఆయన పుట్టింది అవిభక్త భారతదేశంలోనే, బెంగాల్‌లోని రంగ్‌పూర్‌లో. 1920లలో తాను నడుపుతున్న లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ సిబ్బందికి పిల్లల భత్యం ప్రవేశపెట్టాడు. 1942 నాటి తన ప్రసిద్ధ నివేదికలో, పనిలో ఉన్న తండ్రి మొదటి బిడ్డను తన సంపాదనతో పోషించాలని, మిగిలిన ప్రతి బిడ్డకు రాజ్యం వారానికి 8 షిల్లింగులు ఇవ్వాలని సూచించాడు. ఖర్చును ఇద్దరూ పంచుకోవాలన్నది ఇందులోని అంతస్సూత్రం. బిడ్డలున్నవాడికి నిరుద్యోగ భృతి కూలిని మించిపోకూడదన్న జాగ్రత్త, జననాల రేటు పడిపోతోందన్న ఆందోళన కూడా ఆయన లెక్కలో ఉన్నాయి. ప్రభుత్వం 8ని 5 చేసింది. బడి భోజనం, పాలు ఎలాగూ ఇస్తున్నాం కదా అన్నది.

1945లో బిల్లు వచ్చింది. అందులో భత్యం తండ్రికి చెందుతుందని రాసి ఉంది! పాతికేళ్లకు పైగా ఈ ఒక్క పని కోసం శ్రమించిన రాత్‌బోన్, తండ్రి పేరే ఉంచితే బిల్లుకు వ్యతిరేకంగా ఓటు వేస్తానని ప్రకటించింది. ప్రభుత్వం సభ్యులను స్వేచ్ఛగా ఓటు వేయనిచ్చింది. భత్యం తల్లిదైంది. జూన్‌లో బిల్లు చట్టమైంది. 1946 జనవరి 2న రాత్‌బోన్ మరణించింది. ఆగస్టు నాటి ఆ మొదటి మంగళవారాన్ని ఆమె చూడలేదు.

ఆ పట్టుదల వృథా కాలేదని తరువాతి తరం అనుభవం చెబుతుంది. 1970ల చివర తండ్రి జీతంలో వచ్చే పిల్లల పన్ను మినహాయింపును తీసివేసి, మొదటి బిడ్డతో సహా పిల్లలందరికీ తల్లి చేతికి నగదు ఇచ్చే పద్ధతిని ప్రవేశపెట్టారు. మగవాళ్ల చేతికొచ్చే జీతం తగ్గుతుందన్న భయంతో 1976లో మంత్రివర్గం వెనుకాడింది. ఆ రహస్య చర్చలు పత్రికకెక్కి పెద్ద దుమారం లేచింది. చివరకు 1979 ఏప్రిల్ నాటికి బిడ్డకు వారానికి 4 పౌండ్ల చొప్పున పూర్తిగా అమలైంది. ఈ మార్పు ఫలితాన్ని పరిశీలించి లుండ్‌బర్గ్, పోలాక్, వేల్స్ అనే ఆర్థికవేత్తలు 1997లో ఒక పరిశోధనాపత్రం ప్రచురించారు. డబ్బు తండ్రి జీతం నుంచి తల్లి చేతికి మారిన తరువాత, మగవారి దుస్తులతో పోలిస్తే స్త్రీల దుస్తుల మీద, పిల్లల దుస్తుల మీద ఖర్చు పెరిగిందని వారు చూపారు. ఇల్లు అదే. డబ్బు చేరిన చేయి మారింది.

మాల్థస్ వాదం మాత్రం చావలేదు. 2017 ఏప్రిల్ నుంచి తక్కువ ఆదాయం గల కుటుంబాలకిచ్చే సహాయంలో, ఆ తరువాత పుట్టిన మూడవ బిడ్డకు, ఆపై బిడ్డలకు కొన్ని మినహాయింపులతో భాగం లేదన్నారు. 2025 నవంబరు బడ్జెట్‌లో ఆ నిబంధనను 2026 ఏప్రిల్ నుంచి తొలగిస్తామని ప్రకటించారు. 1798 నుంచి అదే లోలకం అటూ ఇటూ ఊగుతూనే ఉంది.

మన నేల మీద

1970లలో మా ఊరి బడిలో మధ్యాహ్నం గోధుమరవ్వ ఉప్మా పెట్టేవారు. రవ్వ వచ్చిన సంచి మీద రెండు చేతులు కలిసిన బొమ్మ ఉండేది. ఇంట్లో గడిచే పిల్లలం దాన్ని ఇష్టంగా తినేవాళ్లం. గడవని పిల్లలు దాని కోసమే బడికి వచ్చేవారు. ఆ ఉప్మా ఖర్చు భరించింది మా తల్లిదండ్రులు కారు. చాలా మటుకు మా రాష్ట్రమూ కాదు. తన రైతుల మిగులు ధాన్యాన్ని కొన్న అమెరికా ప్రభుత్వం. బిడ్డను పెంచేది కన్నవారే అని గట్టిగా అనబోయినప్పుడల్లా నాకు ఆ సంచి గుర్తుకొస్తుంది.

ఈనాడు ఆంధ్రప్రదేశ్‌లో రాత్‌బోన్ వాదనలే మన పేర్లతో వినిపిస్తాయి. 2020 జనవరిలో మొదలైన ‘అమ్మ ఒడి’ బిడ్డను బడికి పంపే పేద తల్లి ఖాతాలో ఏడాదికి 15,000 రూపాయలు వేయడానికి ఉద్దేశించినది. తల్లికి ఒకసారే, పిల్లలెందరున్నా. 2025 జూన్‌లో వచ్చిన ‘తల్లికి వందనం’ బడికి వెళ్లే ప్రతి బిడ్డకూ లెక్క కట్టింది. ఈ రెండింటి మధ్య రాజకీయాలను పక్కన పెడితే, మిగిలే ప్రశ్న కుటుంబాన్ని లెక్కించాలా, బిడ్డను లెక్కించాలా అన్నదే. మరొక విశేషం. ఇద్దరికి మించి పిల్లలున్నవారు పంచాయతీ ఎన్నికలలో పోటీ చేయరాదన్న 1994 నాటి నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో తొలగించింది. జననాలు తగ్గుతున్నాయన్న ఆందోళనే అందుకు కారణం. బిడ్డలు ఎక్కువైనప్పుడు అది తల్లిదండ్రుల తప్పు, తక్కువైనప్పుడు అది రాజ్యం అవసరం.

ఈ చరిత్ర చదివిన తరువాత, తల్లిదండ్రులా, రాజ్యమా అన్న ప్రశ్న నాకు సరైనదిగా తోచడం లేదు. రాజ్యం బిడ్డ ఖర్చులో ఎప్పుడూ ఎంతో కొంత భరిస్తూనే ఉంది. పన్ను కట్టేవారికి మినహాయింపుగా ఇచ్చినప్పుడు దాన్ని హక్కు అన్నాం, కట్టలేనివారికి నగదుగా ఇచ్చినప్పుడు దానం అన్నాం. విదేశాలలో స్థిరపడిన మనలో చాలామంది మన ఊళ్లలోని పథకాలను ఉచితాలని తేలికగా అంటాము. ఇక్కడ మన పిల్లల పేరున వచ్చిన భత్యాన్ని, పన్ను తగ్గింపును, ఉచిత వైద్యాన్ని ఆ మాటతో ఎవరూ పిలవలేదు. నేనూ పుచ్చుకున్నాను. ఆదాయం పెరిగిన తరువాత 2013 నాటి నిబంధన ప్రకారం పన్ను రూపంలో తిరిగి కట్టాను. అందులో నాకు అవమానమేమీ కలగలేదు. మా ఊరి బడిలో ఉప్మా కోసమే వచ్చిన నా తోటివాడికి కూడా అవమానం కలగకుండా ఆ సహాయం అందాలన్నదే నా కోరిక.

ఆ ముసలమ్మ చివరిసారి వచ్చినప్పుడు ఆ పుస్తకాన్ని ఎక్కడ దాచేదానివని అడిగాను. దాచవలసిన అవసరమే రాలేదన్నది. దాని మీద తన పేరే ఉండేదట.