పుట్టినింటి పని మరిచిన కణాలు

1940ల తొలినాళ్లలో న్యూయార్క్‌లోని మాంటిఫియోర్ ఆసుపత్రిలో ఒక రోగి పరిస్థితి వైద్యులకు అంతుబట్టలేదు. థైరాయిడ్ గ్రంథిని ఎన్నో ఏళ్ల కిందటే తీసేశారు. అయినా ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైన లక్షణాలే కనిపిస్తున్నాయి. ఇతర భాగాలకు పాకిన థైరాయిడ్ క్యాన్సర్ కణాలే ఆ హార్మోన్‌ను తయారుచేస్తున్నాయని తేలింది. శామ్యూల్ సైడ్లిన్ 1943లో రేడియో అయోడిన్ ఇచ్చారు. కణితులు దాన్ని పీల్చుకున్నాయి, లక్షణాలు తగ్గుముఖం పట్టాయి.

దారి తప్పినా పుట్టినింటి పని మానని ఈ గుణమే ప్రోటీన్ గుర్తులకు ఆధారమైంది. థైరాయిడ్ హార్మోన్ తయారయ్యేది థైరోగ్లోబ్యులిన్ అనే పెద్ద ప్రోటీన్ మీద. దీన్ని రక్తంలో కొలిచే పద్ధతిని 1973లో ఆండ్రే వాన్ హెర్లే బృందం ప్రకటించింది. క్యాన్సర్ పాకినవారిలో ఇది బాగా పెరుగుతుందని 1975లో చూపింది. క్రమంగా ఈ క్యాన్సర్‌తో గ్రంథి తీయించుకున్నవారికి ఈ పరీక్ష మామూలైంది. అంకె పెరుగుతూ పోతే ఎక్కడో కణాలు మిగిలాయన్నమాట. అయితే సుమారు నాలుగోవంతు రోగుల్లో ఈ ప్రోటీన్‌పై యాంటీబాడీలు ఉంటాయి. అవి అంకెను తక్కువ చేసి చూపగలవు, అందుకే వాటినీ పక్కనే కొలుస్తారు.

థైరాయిడ్ క్యాన్సర్‌లో మెడుల్లరీ అనే రకం కథ వేరు. 1959లో క్లీవ్‌లాండ్ వైద్యులు హజార్డ్, హాక్, క్రైల్ దీన్ని ప్రత్యేక వ్యాధిగా గుర్తించారు. ఇది థైరాయిడ్‌లోనే ఉండే సి-కణాల నుంచి పుడుతుందని 1966లో విలియమ్స్ ప్రతిపాదించారు. ఆ కణాలు చేసే కాల్సిటోనిన్ అనే హార్మోన్ దీనికి గుర్తయింది. తర్వాత సీఈఏ అనే ప్రోటీన్ తోడైంది. కాల్సిటోనిన్ ఆరు నెలల్లోపే రెట్టింపవుతుంటే ముప్పు చాలా ఎక్కువని 2005 నాటి ఒక ఫ్రెంచ్ అధ్యయనం తేల్చింది. సీఈఏ పెరుగుతూ కాల్సిటోనిన్ తగ్గితే అది ఊరట కాదు. కణాలు తమ స్వభావాన్ని కోల్పోతున్నాయన్న హెచ్చరిక.

థైరోగ్లోబ్యులిన్ విషయంలోనూ ఇంతే. పాపిల్లరీ అనే థైరాయిడ్ క్యాన్సర్ నుంచి, స్వభావం కోల్పోయిన అనాప్లాస్టిక్ రకం పుట్టిన కణితి ముక్కకు థైరోగ్లోబ్యులిన్‌ను చూపే రంగు పరీక్ష చేస్తే, పాత భాగం గోధుమరంగులో నిండుగా ఉంటుంది. దాన్ని ఆనుకునే ఉన్న అనాప్లాస్టిక్ భాగంలో ఆ రంగు సాధారణంగా కనిపించదు. అక్కడ కణవిభజనను సూచించే కి-67 మాత్రం విపరీతంగా ఉంటుంది.

కణాలు ఇలా స్వభావాన్ని ఎందుకు కోల్పోతాయి? అయోడిన్‌ను పీల్చుకునే గుణం విషయంలో ఒక జవాబు దొరికింది. అయోడిన్‌ను కణంలోకి చేరవేసే ప్రోటీన్ జన్యువును 1996లో నాన్సీ కరాస్కో బృందం పట్టుకుంది. పాపిల్లరీ క్యాన్సర్లలో బీఆర్‌ఏఎఫ్ జన్యు మార్పు తరచుగా ఉంటుందని 2003లో తెలిసింది. ఈ మార్పు అయోడిన్‌ను చేరవేసే ఆ ప్రోటీన్‌ను అణచివేస్తుంది. అప్పుడు రేడియో అయోడిన్‌కు కణం అంతగా లొంగదు.

వికటించిన బీఆర్‌ఏఎఫ్ ప్రోటీన్‌ను గుర్తించే వీఈ1 యాంటీబాడీ 2011లో వచ్చింది. వారాలు గడిస్తే ప్రాణం మీదికొచ్చే అనాప్లాస్టిక్ క్యాన్సర్‌లో, జన్యు పరీక్ష ఫలితం కోసం ఆగకుండా ఈ యాంటీబాడీతో చేసే రంగు పరీక్షతో త్వరగా ఒక అంచనాకు రావచ్చు. బీఆర్‌ఏఎఫ్ మార్పు ఉన్న ఈ రోగులకు డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ మందులను కలిపి వాడేందుకు అమెరికా 2018లో అనుమతించింది.