మనియార్డరు రసీదు

కుంపటి కాస్త ఇటు జరపరా. కలకత్తా చలి ఎముకల దాకా పోదంటారు గానీ, ఈ వయసులో మోకాళ్లకి ఆ మాట చెప్పి ఒప్పించలేం. దుంపలు నిప్పుల మీద కాదు, బూడిదలో పెట్టు. లేకపోతే పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోతాయి.

2024లో బుడమేరు పొంగి బెజవాడ మునిగినప్పుడు మీ అమ్మ అరగంటకోసారి సింగ్‌నగర్‌లో ఉన్న పిన్నికి వీడియో కాల్ చేసింది, గుర్తుందా? పిన్ని మేడెక్కి వీధిలో నీళ్లు చూపించింది, ఇక్కడ మీ అమ్మ గుండెలు బాదుకుంది. నేను మాత్రం ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాను. నాకప్పుడు 1977 కళ్లముందు మెదిలింది. ఆ ఏడాది ఏం జరుగుతోందో నాకు వారం రోజులు తెలియలేదు.

అప్పుడు గార్డెన్‌రీచ్‌లో సౌత్ ఈస్టర్న్ రైల్వే ఆఫీసులో గుమాస్తాని. వాల్తేరు దాకా మా రైల్వేదే, అందుకని ఆఫీసునిండా మనవాళ్లే. కాళీఘాట్ ట్రామ్ డిపో దగ్గర ఓ మెస్సులో ఉండేవాళ్లం, ఏడుగురం. మా ఊరు దివిసీమలో, నాగాయలంక అవతల. అక్కడ అమ్మ, అన్నయ్య, వదిన, వాళ్ల చంటిది. నెలనెలా ఏడో తారీఖుకి అమ్మకి నలభై రూపాయలు మనియార్డరు చేసేవాణ్ణి.

నవంబరు 19, శనివారం. ఒంటిపూట ఆఫీసు. కార్తీకమాసం, ఇక్కడ జగద్ధాత్రి పూజల రోజులు. నేను లేక్ మార్కెట్‌కి పోయి కరివేపాకు, మునక్కాయలు, బేరమాడి అరకిలో రొయ్యలు తెచ్చాను. కార్తీకంలో నీచేమిట్రా అని బందరు ఆయన గొణిగాడు, వడ్డించాక మాత్రం అందరికంటే ముందు పీట వేసుకున్నాడు. సాయంత్రం కరెంటు పోయింది. ఆ రోజుల్లో లోడ్ షెడ్డింగ్ లేని సాయంత్రం ఉంటేగా! లాంతరు పెట్టుకుని పేకాట వేశాం. నాకు మూడు రూపాయలు వచ్చాయి. ఈ మూడు రూపాయల సంగతి గుర్తుపెట్టుకోండి.

ఆదివారం పొద్దున రేడియోలో ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు. కోస్తాకి తుపాను అన్నారు. మేం కంగారుపడలేదు. తుపాను మాకు కొత్తా? ఏటా వచ్చేదే, తాటాకులు లేపుకుపోయేదే. ఉప్పెన వేరు. ఆ మాట మా నాయనమ్మ నోట వినడమే. వాళ్ల పెద్దవాళ్లు చెప్పిన బందరు ఉప్పెన, 1864 నవంబరు 1న వచ్చింది, ముప్ఫయి వేల మంది పోయారంటారు. విచిత్రం చూడండి, ఆ ఏడాదే అక్టోబరు 5న ఈ కలకత్తాని కూడా తుపాను ఊడ్చేసింది. హుగ్లీలో ఓడలు గట్టెక్కి పడ్డాయట. ఇరవై ఏడు రోజుల్లో ఇక్కడా అక్కడా. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి లెండి.

సోమవారం పేపరు తీస్తే ఎక్కడ చూసినా సాదత్. ఆ శనివారమే ఈజిప్టు అధ్యక్షుడు జెరూసలేంలో దిగాడు, లోకమంతా అటే చూస్తోంది. మన సంగతి వెతుక్కుని చదవాలి. ఆఫీసులో కంట్రోల్ ఫోను ఉంటుంది, రైల్వేవాళ్ల సొంత లైను. బతిమాలి వాల్తేరు పట్టించాను. అటునుంచి ఎవరో తెలుగాయన, గొంతు చించుకుని, "బెజవాడ పలకడం లేదండీ, బాపట్ల వైపు పట్టాలే కొట్టుకుపోయాయంట" అన్నాడు. అంతే, గరగర.

మంగళవారానికి అందరికీ తెలిసిపోయింది. వేల మంది అన్నారు. పక్క సీటువాళ్లు వచ్చి ఎంతమంది, ఎంతమంది అని అడగడమే. మా సెక్షన్లో ఒక పెద్దాయన ఉండేవాడు, బరిసాల్ నుంచి వచ్చేసినవాడు, మేమందరం బరిసాల్ బాబు అనేవాళ్లం. ఆయన ఒక్కడే వేరే ప్రశ్న వేశాడు. "మీ ఊరు సముద్రానికి ఎంత దూరం?" నాలుగు మైళ్లుంటుందన్నాను. ఆయన మళ్లీ మాట్లాడలేదు. నా బల్ల మీది లెడ్జరు తీసుకుని తన బల్ల మీద పెట్టుకున్నాడు. ఆ వారమంతా నా పని ఆయనే చేశాడు. 1970 నవంబరులో భోలా తుపాను వాళ్ల వైపే కొట్టింది. లక్షల్లో పోయారు. అక్కడున్న తన వాళ్ల కబురు కోసం ఆయన ఇదే ఆఫీసులో, ఇదే కుర్చీలో ఎదురు చూశాడని తర్వాత ఇంకొకరు చెప్పారు. ఆయనైతే చెప్పలేదు.

పొద్దున ట్రామ్ కోసం నిలబడేచోట ఎదురుగా గ్రీకుల చర్చి ఉంటుంది, చూశారుగా, లావుపాటి స్తంభాలు. అప్పట్లో మూసే ఉండేది, గ్రీకులు మిగిలితేగా. రాలీ కంపెనీ అని జనపనార వ్యాపారం చేసిన గ్రీకులు ఒకప్పుడు ఈ ఊళ్లో గొప్పవాళ్లు. టిటాగఢ్ జూట్ మిల్లుల్లో మన శ్రీకాకుళం వాళ్లు చెమటోడ్చి నేసింది కూడా ఆ నారనే. 1922లో వాళ్ల స్మిర్నా నగరం తగలబడింది. 1924లో ఇక్కడ ఈ చర్చికి పునాది వేశారు. స్మిర్నా కాలిపోతున్న రోజుల్లో ఇక్కడి గ్రీకు గుమాస్తాలు ఏం చేసి ఉంటారు? లెక్కలు రాస్తూనే ఉండి ఉంటారు. జనపనార బేళ్లు ఆగవుగా. నేనూ అంతే. గడ్డం గీసుకున్నాను, ట్రామెక్కాను, చిల్లర తక్కువిచ్చాడని కండక్టరుతో పోట్లాడాను. పోట్లాడి, సీట్లో కూర్చున్నాక ఒళ్లంతా వణికింది.

గురువారం నాడు పోస్టుమాన్ వచ్చాడు. ఏడో తారీఖు పంపిన మనియార్డరు తాలూకు రసీదు. డబ్బు ముట్టినట్టు అమ్మ వేలిముద్ర, నీలం సిరా, పక్కన పోస్టాఫీసు ముద్ర, 17వ తేదీ. చిన్నప్పుడు వరి కోస్తూ కొడవలి తగిలి అమ్మ బొటనవేలికి అడ్డంగా గాటు పడింది. ముద్రలో ఆ గాటు సన్నటి తెల్లగీతలా ఉండేది. ఆ గీత చూడగానే మెస్సులో ఒకడు "చూశావా, క్షేమం!" అని నా వీపు చరిచాడు. బందరు ఆయన కాయితం తీసుకుని తేదీ చూసి, మాట్లాడకుండా తిరిగి నా చేతిలో పెట్టాడు. ఆయన వేళ్ల మీద లెక్క కట్టడం నేను చూశాను. పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది.

ఆ రాత్రే మద్రాసు మెయిలెక్కాను. బెజవాడలో దిగి, ఉయ్యూరు, పామర్రు మీదుగా చల్లపల్లి దాకా లారీలో, ఆ తర్వాత నడక. దారి గురించి నేను చెప్పను. చెబితే మీరు ఈ దుంపలు తినలేరు. సొర్లగొంది అనే ఊరు దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. లెక్కల్లో పదివేలకి పైనే చచ్చిపోయారు, లెక్కకి రానివాళ్లు వేరే. మండలి వెంకట కృష్ణారావుగారు మంత్రి పదవి వదిలేసి జనంలో తిరిగారు. మన కలకత్తా నుంచి మదర్ థెరిసా కూడా వచ్చింది. పత్రికల్లో ఆవిడ ఫోటో చూసి, నేను రోజూ ట్రామ్ ఎక్కే కాళీఘాట్‌లోనేగా ఆవిడ ఆశ్రమం అనుకున్నాను.

అమ్మ అవనిగడ్డలో ఒక బడి వరండాలో దొరికింది. నీళ్లొచ్చినప్పుడు తుమ్మచెట్టు కావిలించుకుని తెల్లవార్లూ ఉందట. రెండు చేతులకీ గుడ్డలు చుట్టి ఉన్నాయి, ముళ్లు దిగి అరచేతులు చీలికలైపోయాయి. బియ్యం ఇచ్చేచోట రిజిస్టరులో ముద్ర వేయడానికి వేలు లేదు. పక్కావిడ చేత వేయించుకుందట. అన్నయ్య బతికాడు. వదినా, చంటిదీ దొరకలేదు.

నేను జేబులోంచి రసీదు తీసి చూపించాను. ఎందుకు చూపించానో ఇప్పటికీ తెలీదు. అమ్మ దాని వంక చూసి, "ఆ నలభైలో ముప్ఫయి కడవలో దాచాన్రా" అంది. కడవా లేదు, ఇల్లూ లేదు.

ఆ రాత్రి వరండాలో పక్కన పడుకుంటే అడిగింది. "శనివారం సాయంత్రం నీళ్లొచ్చాయి. అప్పుడు నువ్వేం చేస్తన్నావురా?"

లాంతరు, రొయ్యలు, మూడు రూపాయలు. "ఆఫీసులో ఉన్నానమ్మా" అన్నాను.

కట్టు కట్టిన చేయి నా తల మీద పెట్టింది. "పొద్దుగూకేదాకా పనేనా నాయనా? మరి అన్నం ఎప్పుడు తిన్నావు?" అంది.